మేము తీసేసిన క్యారేజీ సీను

ఈమధ్య తిరుపతిలో సినిమా పిచ్చి ఉన్న పిల్లలు నా ఇల్లు కనిపెట్టేశారు. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లెక్కి వస్తారు. "స్క్రిప్ట్ రాశాను మేడం, మీ ఫీడ్‌బ్యాక్ కావాలి" అంటారు. నేను పని మానేసి చాలా కాలమైంది, నన్ను వదిలెయ్యండ్రా అంటే వినరు. కసురుకున్నా నవ్వుతారు. చివరికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాల్సి వస్తుంది.

మీకు నిజం చెప్పాలి. ఆ ఫీడ్‌బ్యాక్ అనే మాట చెవిన పడితే నాకు ఒక ఆడమనిషి గుర్తొస్తుంది. నగరి బస్టాండులో క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆమెను మా కథలోంచి మేమే తీసేశాం. ఎందుకు తీసేశామో చెబుతాను, వినండి. విన్నాక కూడా మీకు నా ఫీడ్‌బ్యాక్ కావాలంటే అప్పుడు చూద్దాం.

పేర్లు రాయను. మేము ఊళ్ళ పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం, ఇక్కడా అట్లాగే చెబుతాను. మేము ముగ్గురం. నగరి అన్న మాలో పెద్ద. నేతవాళ్ళ ఇంట్లో పుట్టాడు, ఇంటి ముందు గదిలో ఇప్పటికీ మరమగ్గాలు ఆడుతుంటాయి. చెన్నైలో, హైదరాబాదులో ఎందరెందరి సినిమాలకో కథలు వండి ఇచ్చాడు గానీ, తెర మీద 'కథ' అనే మాట కింద ఆయన పేరు ఒక్కసారి కూడా పడలేదు. సూళ్లూరుపేట తమ్ముడు రోజూ లోకల్ రైలెక్కి చెన్నై పోయి టీవీ సీరియళ్ళకు మాటలు రాసేవాడు. పెళ్ళాం పిల్లలున్నవాడు, కోపిష్టి, రాసిందాన్ని ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోడు. మూడోదాన్ని నేను. చిత్తూరు మనిషిని, నోటి దురుసు ఎక్కువని నన్ను పనిలో పెట్టుకోవడానికే భయపడేవాళ్ళు. నాకు జుట్టు నెరిసినా నగరి అన్న నన్ను "పాపా" అనే పిలిచేవాడు. ఆయనను చూసి వాళ్ళ ఆవిడ, మా వదిన, ఆమె కూడా పాపా అనేది.

పని ఇచ్చింది బంగారుపాళ్యం ఆయన. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ యజమాని. సినిమా తీయాలని ఆశ పుట్టింది. ఒక పేరున్న హీరోని పట్టుకున్నాడు, డేట్లు కూడా తీసుకున్నాడు. కథే లేదు. మామిడి పూత రాలి పిందె పడుతున్న రోజుల్లో మమ్మల్ని పిలిపించాడు.

"సూడు మేడం, కాయ దిగేలోపల కథ నా చేతిలో ఉండాల. ఫ్యాక్టరీ మొదలైతే నాకు పెండ్లాం పిల్లోళ్ళే గుర్తుండరు, మీ కథ యాడ గుర్తుంటాది?" అన్నాడు.

నగరి అన్న అందుకున్నాడు. "కాయ దిగేలోపల ఇస్తామప్పా. కాకపోతే ఒకటి. తెర మీద కథ కింద నా పేరు పడాల."

"పడతాదన్నా, ఎందుకు పడదు? నా దుడ్డు పెట్టి తీస్తా ఉండేది, నా ఇష్టం" అన్నాడాయన. అన్న ముఖం చూడాలి ఆ రోజు. బస్సు దిగేదాకా కిటికీలోంచి బయటికి చూసి నవ్వుతూనే ఉన్నాడు.

ఆ గడువు ఎంత చిన్నదో ఈ పని తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పెద్ద సినిమా స్క్రీన్‌ప్లే మొదటి సీను నుంచి శుభం దాకా, మాటలతో సహా, పిందె కాయ అయ్యేలోపల. ఎండ ముదిరితే కాయ ముందే దిగుతుంది. ఆ ఏడాది ఎండలు కూడా మా మీద పగబట్టినట్టే కాశాయి.

కపిలతీర్థం రోడ్డులో ఒక మేడ గది అద్దెకు తీసుకున్నాం. కథ నగరి అన్నది. తిరుపతి నుంచి చెన్నైకి బస్సు తోలే డ్రైవరు, ఉద్యోగంలో ఆయనకు ఆఖరి రోజు, ఆఖరి ట్రిప్పు. అంతే. ఆ ఒక్క ట్రిప్పులో ఆయన బతుకంతా కనబడాలి.

మా ముగ్గురికీ ఒక పద్ధతి ఉండేది. ఒకరు రాసింది ఇంకొకరు చదవాలి. చదివాక కాగితాలు పక్కన పడేసి కథంతా నోటితో తిరిగి చెప్పాలి. రాసినవాళ్ళు నోరు మూసుకుని వినాలి. "అక్కడ నా ఉద్దేశం అది కాదన్నా" అని సమర్థించుకోకూడదు. చెప్పేవాడు ఏ సీను మర్చిపోయి దాటేస్తాడో ఆ సీనులో బలం లేదన్నమాట. తప్పు మర్చిపోయినవాడిది కాదు, రాసినవాళ్ళది. మళ్ళీ రాయాలి. అప్పుడూ మర్చిపోతే తీసెయ్యాలి.

ఈ పద్ధతి పెట్టింది నగరి అన్నే. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో సినిమా చూసొచ్చి, మగ్గం గుంటలోంచి లేచి రాలేని వాళ్ళ నాయనకు కథ చెప్పేవాడట. "నేను మర్చిపోయిన సీను మా నాయన ఒక్కనాడు గూడా అడగలేదు పాపా. అది లేకపోయినా ఆయనకి కథ అర్థమయింది. ఇంకెందుకది?" అనేవాడు. మా ముగ్గురిలో తిరిగి చెప్పడంలో ఆయనకు సాటి లేదు. ఒక్కసారి చదివితే చాలు, బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ మొత్తం చెప్పేసేవాడు. కథలో లేని బస్సు హారను కూడా వినిపించేది.

ఇప్పుడు ఆ క్యారేజీ సీను సంగతి చెబుతాను. ఇదీ అన్న బతుకులోదే. ఆయన సినిమా పనుల మీద తిరుపతి వచ్చి, ఇంటికి పోకుండా అక్కణ్ణుంచే చెన్నై పోయేటప్పుడు బస్సు నగరిలో కాసేపు ఆగేది. వదిన క్యారేజీ తీసుకుని ముందే వచ్చి నిలబడేది. ఆయన దిగి, బస్సుకు ఆనుకుని నిలబడే తినేవాడు. ఆమె నీళ్ళ సీసా పట్టుకుని ఉండేది. తిన్న చెయ్యి ఆమె కొంగుకు తుడుచుకుని బస్సెక్కేవాడు. కథలో డ్రైవరుకూ భార్యకూ ఇదే పెట్టాం. తమ్ముడు ఆ సీను రాశాడు. చిత్రాన్నం, ఉర్లగడ్డ తాళింపు, అదే బంగాళాదుంప వేపుడు, కిటికీల్లోంచి చూసే ప్రయాణికులు, అన్నీ ఉన్నాయి. చివర ఒక్క వాక్యం రాశాడు: ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా నువ్వు తిన్నావా అని అడగలేదు.

చదివి నేను తమ్ముడి వీపు తట్టాను. నేను ఒకర్ని మెచ్చుకోవడం అరుదు, వాడు కూడా ఆశ్చర్యపోయాడు.

మొదటి సగం అయ్యాక అన్న తిరిగి చెప్పాడు. డిపో గేటు, పువ్వులమ్మే ముసలమ్మ, పుత్తూరులో ఎక్కే పెళ్ళిబృందం, ఒక్కటి వదలలేదు. నగరి వచ్చింది. బస్సు ఆగింది. బస్సు కదిలింది. క్యారేజీ లేదు, భార్య లేదు.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను పెదవి విరిచాను. పద్ధతి పద్ధతే.

"క్యారేజీ సీను చెప్పలేదన్నా" అన్నాను, అంతా అయ్యాక.

ఆయన ఒక నిమిషం నన్నే చూసి, పెద్దగా నవ్వేశాడు. "అబ్బా! నా పెండ్లాం సీను నేనే మర్చిపోయినానంటే దాంట్లో పస లేదప్పా. మళ్ళీ రాయి."

తమ్ముడు పళ్ళు నూరుకుంటూ మళ్ళీ రాశాడు. ఈసారి వాన పెట్టాడు, ఆమె కొంగుతో క్యారేజీ కప్పుకుని తడుస్తూ నిలబడింది. అన్న మళ్ళీ మర్చిపోయాడు. ఆమె ఫోను చేసే సీను కూడా మర్చిపోయాడు. ఆమె మందుల చీటీ సీను కూడా. నేను కూర్చుని నా అనుభవమంతా పోసి రాశాను, నా రాత కూడా ఆయన దాటేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, నా మీద నాకే. ఇన్నేళ్ళు రాసి ఒక భార్య పాత్ర నిలబెట్టలేకపోయానే అని ఏడుపొచ్చింది.

"అన్నకి కథ నచ్చలేదక్కా. నచ్చకే మర్చిపోతా ఉండాడు" అని తమ్ముడు మెట్ల మీద నాతో గొడవ పడ్డాడు.

"నచ్చకపోతే పువ్వులమ్మే ముసలమ్మని కూడా మర్చిపోవాల గదా? ఆమె గుర్తుండాదే?"

"అంటే నా సీనే చెత్తనా?"

"మన సీనే చెత్త. నేనూ రాసినా గదా" అన్నాను. వాడు ఆ రోజు అన్నం తినకుండా ఊరెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చాడు గానీ నాతో మాట తగ్గించేశాడు.

చూడండి, ఇప్పుడు వింటున్న మీకు అనుమానం వచ్చే ఉంటుంది. బయటివాళ్ళెవరికైనా వచ్చేది. మాకు రాలేదు. మర్చిపోవడం మా దగ్గర జబ్బు కాదు మరి, తీర్పు. ఆయన మర్చిపోయిన ప్రతిసారీ మేము కాగితం వైపు చూశామే గాని ఆయన ముఖం వైపు చూడలేదు. టీ తెస్తానని పోయిన మనిషి చాలాసేపటికి కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. నవ్వుకున్నాం. ఒకరోజు కొండకు నడిచిపోయే భక్తులతో కలిసి అలిపిరి దాకా పోయాడు. తమ్ముడు పరుగెత్తి పోయి పిలుచుకొచ్చాడు. "యాడికి పోతా ఉన్నావన్నా?" అంటే, "అందరూ పోతా ఉండారు గదా" అన్నాడు. కథలో మునిగిపోయాడు పాపం అనుకున్నాం.

వదిన ఒకసారి నాకు ఫోన్ చేసింది. "ఆయన తింటా ఉండాడా పాపా? ఫోన్ చేస్తే నన్ను ఎవురు అంటాడు. పనిలో పడితే అంతే గదా?"

"పనిలో పడితే అంతే వదినా. నేనైతే నా పేరే మర్చిపోతా" అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

ఇక కాయ దిగే రోజులొచ్చాయి. బంగారుపాళ్యం ఆయన రోజూ ఫోనే. భార్య ఉన్న సీను ఏదీ అన్న నోటి దగ్గర నిలవడం లేదు. చివరికి నేనే అన్నాను, ఆమెను ముందే చనిపోయినట్టు పెడదామా అని. డ్రైవరు సీటు పైన ఆమె ఫోటో, దానికి చిన్న దండ. ఒక్క షాటులో తేలిపోతుంది. తమ్ముడు టైపు చేసేశాడు. అన్న తిరిగి చెప్పాడు. ఈసారి ఏదీ మర్చిపోలేదు. ఫోటో గుర్తుంది, దండ గుర్తుంది. గడువులోపల పని అయిందని ముగ్గురం పరమానందపడి మిఠాయి తెచ్చుకుని తిన్నాం. హీరోకి ఫోన్లో కథ లైను చెబితే ఆ ఫోటో దగ్గర ఏడ్చే సీనుకే ఒప్పేసుకున్నాడు.

కథ వినిపించే రోజు బంగారుపాళ్యం పోయాం. ఫ్యాక్టరీ గేటు బయట అప్పటికే తోతాపురి కాయల ట్రాక్టర్లు వరస కట్టి ఉన్నాయి. ఆఫీసు గదిలో కూడా మామిడి వాసనే. అన్న తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. "నేనే చెప్తా, నా పేరు పడే కథ" అన్నాడు. మా ఇద్దరికీ అదే కావాలి, ఆయనకంటే బాగా చెప్పేవాళ్ళు మాకు తెలియరు.

మొదలుపెట్టాడు. "తెల్లారి తిరుపతి బస్టాండు. డిపో గేటు తెరుసుకుంటాది. సీకట్లోంచి ఒక మనిషి నడిసి వస్తా ఉంటాడు, ఆ సెప్పుల సప్పుడే ముందు మనకి వినిపిస్తాది..." అబ్బ, ఏం చెప్పాడు! ప్రొడ్యూసరు ఫోను బోర్లా పెట్టేశాడు. లెక్కలు చెప్పడానికి వచ్చిన మేనేజరు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఇంటర్వెల్ దగ్గర ఆపితే ప్రొడ్యూసరు చప్పట్లు కొట్టాడు. అందరికీ మామిడి రసం తెప్పించాడు. అన్న తాగి, మూతి తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"తెల్లారి తిరుపతి బస్టాండు. డిపో గేటు తెరుసుకుంటాది. సీకట్లోంచి ఒక మనిషి..."

అవే మాటలు. అదే చెయ్యి అట్లాగే లేచింది. ప్రొడ్యూసరు నవ్వి, "ఓహో, మళ్ళీ మొదటికొచ్చిందా? కొత్తగా ఉండాదే" అన్నాడు. రెండో సగంలో ఇదో పద్ధతనుకున్నాడు. పువ్వులమ్మే ముసలమ్మ మళ్ళీ వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. తమ్ముడు బల్ల కింద నా చెయ్యి పట్టుకున్నాడు. నేను ఆపాలి, ఆపలేకపోయాను. పుత్తూరు పెళ్ళిబృందం కూడా అయింది.

నగరి వచ్చింది. బస్సు ఆగింది. అన్న ఆగాడు.

"ఆడ ఒకామె నిలబడుకోని ఉండాది" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మేము ఎప్పుడో తీసేసిన క్యారేజీ సీను, తమ్ముడు మొట్టమొదట రాసింది రాసినట్టు. చిత్రాన్నం, ఉర్లగడ్డ తాళింపు, నీళ్ళ సీసా, కొంగు. ఒక్క మాట పోలేదు. తిన్నావా అని అడగలేదన్న ఆఖరి వాక్యం కూడా పోలేదు. తమ్ముడు తల బల్లకు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

అన్న నా వైపు తిరిగాడు. "ఆమె పేరేంది పాపా?"

"కథలో ఆమెకి పేరు పెట్టలేదన్నా" అన్నాను.

"పెట్టాల్సింది గదా" అని, కుర్చీలో వెనక్కి వాలాడు. మిగతా సగం నేను చెప్పాను. ఏం చెప్పానో దేవుడికే తెలియాలి.

ప్రొడ్యూసరు మంచి మనిషి. లేచొచ్చి అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "కథ నేను తీస్తా మేడం. అన్నని ముందు ఇంటికి పిలుసుకోని పోండి" అన్నాడు. ఫైలు తిరగేసి, "ఆ క్యారేజీ ఆమె దీంట్లో లేదే?" అని అడిగాడు. లేదని చెప్పాను. పెట్టొచ్చు గదా అంటే తమ్ముడు ఆశగా తలెత్తాడు. కానీ హీరో ఒప్పుకున్నది దండ వేసిన ఫోటో దగ్గర ఏడవడానికి. భార్య బతికుంటే ఆయనకు ఏడవడానికేముంది? మా సినిమా లైనులో ఇట్లాగే ఉంటుంది, నేర్చుకోండి.

కారులో అన్న అడిగాడు. "సెకండాఫ్ బాగా చెప్పినానా పాపా?"

"బాగా చెప్పినావన్నా" అన్నాను. చీర కొంగు నోట్లో కుక్కుకుని కిటికీ వైపు తిరిగాను.

వదిన ఆయనను వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మతిమరుపు జబ్బని, ఎప్పుడో మొదలైందని, ముందే తెలిసినా ఆపగలిగేది కాదని డాక్టరు చెప్పాడు. ఆ ఆఖరి మాట మాకోసమే అన్నాడేమో అనిపిస్తుంది. సినిమా వచ్చింది, ఒక మాదిరిగా ఆడింది. తెర మీద 'కథ' కింద అన్న పేరు ఒక్కటే పడింది. మా పేర్లు మాటల కింద చాలన్నాం. ఆ పేరు పడ్డప్పుడు పక్క సీట్లో ఉన్న అన్నను వదిన కుదిపింది, "సూడు, నీ పేరు, సూడు" అని. ఆయన చూసి, "బాగుండాది" అన్నాడు. ఎవరి పేరని అడగలేదు.

నేను ఆ సినిమా తర్వాత ఇంకేం రాయలేదు. తమ్ముడు రాస్తున్నాడు. ఇప్పటికీ పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తాడు గానీ ఆ సీను మాట ఇద్దరం ఎత్తం.

కొన్నాళ్ళకు నగరి వెళ్ళాను. ముందు గదిలో మగ్గాలు టకటకలాడుతున్నాయి. అన్న వసారాలో కుర్చీలో కూర్చుని ఆ చప్పుడుకు వేళ్ళతో తాళం వేస్తున్నాడు. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు, కొత్తవాళ్ళొస్తే లేచినట్టు. ఆయన ఎదుట ఏడవకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చాను, నేనూ చేతులు జోడించాను.

వదిన కాఫీ ఇచ్చి గడపకు ఆనుకుని నిలబడింది. సినిమా సంగతి ఆమే ఎత్తింది.

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు పాపా. మీ పద్ధతి నాకు తెలుసు, ఆయన ఇంట్లో ఎన్నిసార్లో చెప్పినాడు. మర్చిపోయినోడిది కాదు తప్పు, రాసినోళ్ళదని గదా?"

"అవును వదినా."

"మరి నన్ను మర్చిపోయినాడే. నేను యాడ సరిగ్గా చెయ్యలేదో చెప్పు."

చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. "ఆ పద్ధతే తప్పు వదినా. మాది తప్పు. ఆయన నిన్ను మర్చిపోలేదు" అని, ఆ రోజు బంగారుపాళ్యంలో జరిగింది చెప్పాను. అంతవరకూ ఆమెకు ఎవరం చెప్పలేదు. ఏమని చెప్పాడు అంది. క్యారేజీ సీను ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్పాను. బస్సు ఆగడం, ఆమె నిలబడి ఉండటం, చిత్రాన్నం, సీసా, కొంగు, అన్నీ. ఆఖరి వాక్యం మాత్రం నా నోట రాలేదు. బస్సు కదిలిపోయిందని చెప్పి ఆపేశాను.

అన్న తాళం ఆగింది. మేము గమనించలేదు గానీ ఆయన మొదటి నుంచీ వింటున్నాడు.

"ఈ సీను బాగుండాది. దీన్ని మాత్రం తియ్యొద్దండి" అన్నాడు నాతో.

"తియ్యనన్నా."

ఆయన ఇంకేదో ఉందన్నట్టు నుదురు ముడిచాడు.

"అంతసేపు నిలబడుకోని ఉండాదే ఆ యమ్మ," అన్నాడు. "ఆ యమ్మ తినిందా?"

వదిన గడప పట్టుకుంది. ముందు గదిలో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

"తినింది లెండి," అంది.